ఏడో అతుకు

బాబిని అయిదు గంటలకు పోలీసు వ్యాన్ ఎక్కిస్తారు. నేను షెడ్డులోకి అడుగుపెట్టేసరికి గోడ గడియారం పన్నెండు యాభై చూపిస్తోంది. అంటే నా చేతిలో నాలుగు గంటల పది నిమిషాలున్నాయి. డెబ్భై ఏళ్ళ మోకాళ్ళకు అది తక్కువే. కానీ టెలిఫోన్ల డిపార్టుమెంటులో ముప్పై ఆరేళ్ళు కేబుళ్ళు అతికిన బర్నబాసు మేస్త్రికి మరీ తక్కువ కాదు. ఒకసారి కృష్ణ వరదలో నడుం లోతు నీళ్ళలో నిలబడి, నోట్లో టార్చిలైటు కరుచుకుని, గంటలో రెండు వందల జతల వైర్లు అతికాను. మధ్యలో ఒక పాము వచ్చి, కాసేపు చూసి, పని నచ్చక వెళ్ళిపోయింది. పాము సంగతి మీరు నమ్మకపోయినా నాకు బాధ లేదు. వైర్లు మాత్రం నిజం.

వేమూరు దాటాక కాలవ గట్టు మీద కాంట్రాక్టు కంపెనీ వాళ్ళ రేకుల షెడ్డు అది. లోపల సిమెంటు బస్తా మీద బాబి కూర్చున్నాడు. జేసీబీ డ్రైవరు, ముప్పై ఏళ్ళుంటాయి. పక్కన నేల మీద వాళ్ళక్క గంగరత్నం. రేపల్లె దిగువ రేవులో చేపలమ్ముకునే మనిషి. పదకొండు రోజుల క్రితం ఆమె మొగుడు నాగులు మధ్యాహ్నం రెండింటికి పడవ తోసుకుని వెళ్ళాడు. నాలుగింటికి గాలివాన వచ్చింది. తెనాలి కంట్రోల్ రూములో ఒంటిగంట ఇరవైకే తుఫాను సైరన్ బటన్ నొక్కారు. బాపట్ల తీరంలో మోగింది. కర్లపాలెం తీరంలో మోగింది. రేపల్లె దిగువ రేవులో మోగలేదు. పడవ దొరికింది, నాగులు దొరకలేదు.

తెనాలి నుంచి రేవుకు వచ్చే ఫైబర్ లైను దారిలో తెగిందని, జేసీబీతో గట్టు తవ్వి దాన్ని తెంపింది బాబి అని కంపెనీ మాట. అంటే సొంత బావ చావుకు వాడే కారణం. రేవులో సగం మంది నమ్మేశారు కూడా. గంగరత్నం మాత్రం బస్సెక్కి తెనాలిలో మా ఇంటికొచ్చింది. "బాబాయ్, నువ్వు పోయిన వైర్లు, దొంగ కనెక్షన్లు పట్టిస్తావంట. మొగుడు పోయాడు. తమ్ముణ్ణి కూడా తీసుకుపోతామంటున్నారు. వాడే చేసుంటే నేనే పట్టిస్తా. నువ్వు చూసి నిజం చెప్పు" అంది. ఏడవలేదు. అందుకే కాదనలేకపోయాను.

"ఎన్నింటికి మొదలెట్టావురా తవ్వడం?" అన్నాను బాబితో.

"పన్నెండున్నరకి తాతా."

"అంతకుముందు?"

"టిఫిన్ చేశా."

"పన్నెండున్నరకి టిఫిన్ ఏంటి? కలెక్టరువా?"

"బండిలోనే నిద్రపట్టేసింది. ఓనరు ఫోన్ చేసి తిడితే లేచా."

"వైరు తగిలిందా?"

వాడు అక్క వైపు చూశాడు. "పైనున్న నల్ల గొట్టానికి బకెట్ పన్ను తగిలింది. గీత పడింది. దిగి చూశా, తెగలేదు. మట్టి కప్పేశా."

"ఎవరికైనా చెప్పావా?"

"తెగలేదుగా తాతా."

"అప్పుడే చెప్పుంటే ఈ బస్తా మీద కూర్చునే పని ఉండేది కాదురా సన్నాసీ" అంది గంగరత్నం, గొంతు పెంచకుండానే. "ఆ రోజు తూర్పు గాలి తిరగ్గానే నా కాళ్ళు చల్లబడ్డాయి. అప్పటికే మీ బావ కనుచూపు దాటేశాడు."

"ఒప్పుకున్నాడా తాతగారూ?" అంటూ వినోద్ కుమార్ లోపలికొచ్చాడు. కంపెనీ విజిలెన్స్ ఆఫీసరు. పదకొండు రోజులుగా వాన పడుతున్నా అతని బూట్లకు మట్టంటలేదు, నాకు అతని మీద అనుమానం మొదలైంది అక్కడే. చేతిలో టాబ్లెట్. "నేను ఒక్క నిమిషంలో చెప్పేస్తాను వినండి. తెనాలిలో కూర్చుని ఈ ఫైబర్‌లోకి లైట్ పంపాం. పద్నాలుగు కిలోమీటర్ల రెండు వందల పది మీటర్ల దగ్గర ఆగిపోతోంది. వీడు తవ్వింది రోడ్డు మీద సరిగ్గా పద్నాలుగు కిలోమీటర్ల రెండు వందల పది మీటర్ల దగ్గర. నేనే టేపు పెట్టి కొలిపించాను."

"తవ్వి చూశారా?"

"పోలీసుల ముందే తవ్వుతాం. సాక్ష్యం చెడకూడదని రేపల్లె లైను ముట్టుకోలేదు. మీది రాగి వైర్ల కాలం తాతగారూ. ఇది లేజరు. మీకు అర్థం కాదు."

అంత మాటన్నాక నేను ఊరుకుంటే మా ఊరి బడి పరువేం కాను? "ఇరవై ఏళ్ళ క్రితం బాపట్లలో కొత్త లైను ప్రారంభోత్సవం బాబూ. పెద్ద ఆఫీసరొచ్చి మాట్లాడాలి. లైను మూగబోయింది. వెలుగు చాలక కాదు, ఎక్కువై. చీకటింట్లోంచి ఎండలోకి వస్తే కళ్ళు మూసుకుపోవా, అవతలి రిసీవరుకు అదే జరిగింది. వెలుగు తగ్గించే బిళ్ళ మన దగ్గర లేదు. నేను జేబులోంచి పెన్సిలు తీసి గాజు దారాన్ని దానికి నాలుగు చుట్లు చుట్టాను. వంపు తిరిగిన చోట కొంత వెలుగు బయటికి కారిపోతుంది. మిగిలింది సరిగ్గా సరిపోయింది. ఆఫీసరు అరగంట మాట్లాడాడు. చివర్లో శాలువా నాకు కప్పాలా పెన్సిలుకు కప్పాలా అని వేదిక మీద గొడవైంది."

వినోద్ కుమార్ పకపకా నవ్వాడు. "పెన్సిలుతో లేజర్ని లొంగదీశారన్నమాట" అన్నాడు. నవ్వాడే గాని, ఆ మాట మర్చిపోలేదని తర్వాత తెలిసింది.

ఒకటీ పదిహేనుకు షెడ్డు బయటికొచ్చి స్వర్ణలతకు ఫోన్ చేశాను.

స్వర్ణలత తెనాలి కంట్రోల్ రూము ఇన్‌చార్జి. నాతో పాటు గోతుల్లో దిగిన ఏసుపాదం కూతురు. ఏసుపాదం పోయేనాటికి దానికి పదహారు. డిప్లొమాలో చేర్పించింది నేను. వెంట్రుకంత సన్నటి గాజు దారాల్ని ఎలా అతకాలో, మిగిలిన దారాన్ని ట్రేలో ఎలా చుట్టాలో పక్కన కూర్చోబెట్టి నేర్పింది నేను. తప్పు లేకుండా మొదటి అతుకు వేసిన రోజున నా పెన్సిలు చేతిలో పెట్టాను. ఒక కొస ఎరుపు, ఒక కొస నీలం, నడిమధ్యన బ్లేడుతో చెక్కిన మూడు గాట్లు. నా సామాను ఎవరైనా కాజేస్తే గుర్తుపట్టడానికి ఆ గాట్లు. ఆదివారం చర్చిలో నా పక్కనే కూర్చుంటుంది. నా కళ్ళజోడు దాని బ్యాగులోనే ఉంటుంది.

"రేపల్లె లైను రూట్ డయాగ్రం పంపమ్మా. వైరు ఎక్కడెక్కడ ఎంత చుట్టి పెట్టారో ఉన్నది."

"పంపిస్తా పెదనాన్నా. తడిలో తిరగమాకు. అతను తవ్విన చోటు చూస్తే చాలుగా. చాంబర్లు తెరవాల్సిన పనేం లేదు, అన్నీ పోయిన నెల నేనే చూశా."

"సరేనమ్మా."

"అన్నం తిన్నావా?"

"వచ్చాక తింటా."

డయాగ్రం రెండు నిమిషాల్లో వచ్చింది. షెడ్డులో బల్ల మీద పెట్టి, వినోద్ కుమార్‌ని పక్కన కూర్చోబెట్టుకుని లెక్క మొదలెట్టాను. అతను మధ్యలో రెండు టీలు తాగాడు, మూడుసార్లు ఫోన్ చూసుకున్నాడు. లెక్క తేలేసరికి రెండూ అయిదు.

"సార్, మీరు రోడ్డు కొలిచారు. వెలుగు రోడ్డు మీద నడవదు, దారంలో నడుస్తుంది. రెండు కిలోమీటర్లకో అతుకు. అతుకు దగ్గర గుంటలో రేపటి రిపేరు కోసం ఇరవై మీటర్ల వైరు చుట్టి పెడతాం. అలాంటివి ఆరు దాటాలి, నూట ఇరవై. వంతెన దగ్గరల్లా ముప్పై, అయిదు వంతెనలు, నూట యాభై. తెనాలి బిల్డింగులో మెట్లెక్కి దిగడానికి డెబ్భై. మొత్తం మూడు వందల నలభై మీటర్లు. వెలుగు ఆ చుట్టలన్నీ తిరిగి తిరిగి వెళ్ళింది. పద్నాలుగు రెండు వందల పదిలోంచి అది తీసేయండి."

"పదమూడు ఎనిమిది వందల డెబ్భై" అన్నాడు అతను. గొంతులో నవ్వు లేదు.

"అక్కడేముంది డయాగ్రంలో?"

"ఏడో జాయింట్ చాంబర్."

"తాళం ఉందా?"

"ఉంటుంది. నా దగ్గర ఒకటి, తెనాలిలో ఒకటి. అంతే."

"అయితే బాబి జేసీబీతో తాళం తీశాడంటారా?"

అతను లేచాడు. "అక్కడ ఏమీ లేకపోతే నాకు క్షమాపణ రాసివ్వాలి మీరు."

"రాస్తాను. తెలుగులో రాస్తా, చదవగలిగితే చదువుకోండి."

తవ్విన చోటు నుంచి తెనాలి వైపు మూడు వందల నలభై మీటర్లు వెనక్కి నడిచాం. గంగరత్నం కూడా వచ్చింది, వద్దన్నా ఆగలేదు. కాంక్రీటు మూత మీద బురద మేట వేసింది. తాళానికి కొత్త గీతలేవీ లేవు, పగలగొట్టిన గుర్తూ లేదు. వినోద్ కుమార్ తన తాళంచెవితో తెరిచాడు. మూత లేపినప్పుడు అతని వాచీ చూశాను. రెండూ ముప్పై అయిదు.

గుంటలో మోకాలి లోతు నీళ్ళు. జాయింట్ బాక్సు కొక్కేనికి వేలాడాలి, అది నీళ్ళలో సగం మునిగి ఉంది. ఒక క్లాంపు సరిగ్గా బిగించలేదు. ఎవరో తొందరలో మూసినట్టుంది. పైకి తీసి, తుడిచి, తెరిచాను. లోపల ట్రేలో దారాలన్నీ గడియారం ముల్లు తిరిగే వైపు చుట్టి ఉన్నాయి. ఒక్కటి మాత్రం దానికి ఎదురు వైపు తిరిగి ఉంది.

నాది ఎడం చేతివాటం. నేను చుట్టే చుట్ట అలాగే తిరుగుతుంది. సూపర్‌వైజర్లు ముప్పై ఆరేళ్ళు తిట్టినా మారలేదు. ఈ మూడు తాలూకాల్లో దారాన్ని అలా చుట్టేవాళ్ళు ఇద్దరే. ఒకణ్ణి నేను. రెండో మనిషికి నేర్పిందీ నేనే.

ఆ చుట్ట చివర టేపు వేసి బిగించిన మూడంగుళాల పెన్సిలు ముక్క ఉంది. దానికి నాలుగు చుట్లు. చెక్క నానిపోయి ఉబ్బింది. టేపు కింద ఊపిరాడక గాజు దారం చిట్లింది. ముక్క నడిమధ్యన మూడు గాట్లు.

నేను చాలాసేపు దాన్ని పట్టుకునే ఉన్నాను. గంగరత్నం నా భుజం మీద చెయ్యేసింది. పడిపోతాననుకున్నట్టుంది.

"అలా కూర్చోండి" అన్నాడు వినోద్ కుమార్. ఈసారి తాతగారూ అనలేదు. "ఈ పెన్సిలు మీదేనా?"

"నాదే."

"ఈ చుట్ట?"

"నా చేతి పద్ధతే."

"ఇందాక మీరే చెప్పారు, పెన్సిలుకు నాలుగు చుట్లు చుడితే వెలుగు తగ్గుతుందని. అందరి ముందూ చెప్పారు." టాబ్లెట్ పక్కన పెట్టి ఫోన్ తీశాడు. "స్వర్ణలత గారు నాకు మెసేజ్ పెట్టారు, అప్పుడు అర్థం కాక వదిలేశాను. చదువుతాను వినండి. 'ఏడో చాంబర్‌లో పెన్సిల్ దొరికితే అది మా పెదనాన్న బర్నబాస్ గారిది. పోయిన నెల నా తాళంచెవి తీసుకెళ్ళి లైను చూశారు. పెద్దాయన, చాదస్తం కొద్దీ చేసి ఉంటారు. దయచేసి కేసు లేకుండా చూడండి.' ఏమంటారు?"

పదహారేళ్ళ పిల్ల గుర్తొచ్చింది నాకు. అన్నం తిన్నావా అన్న గొంతు గుర్తొచ్చింది. కేసు లేకుండా చూడమందట. నా మీదికి నెట్టి, నా తరఫున బతిమాలింది.

కథలు చెప్పే నోరు నాది. ఆ క్షణాన ఒక్క కథ రాలేదు. నేనే చేశానని తలూపితే బాబి బయటపడతాడు, స్వర్ణలత బయటపడుతుంది, ముసలివాడు పోతాడు. ఆ దారి నాకు కనబడింది. కనబడలేదంటే అది నిజంగా కోత. కానీ నిజం చెప్పమన్న మనిషి చెయ్యి నా భుజం మీదే ఉంది.

"సార్, ఆ మెసేజ్ ఎన్నింటికి వచ్చింది?"

అతను చూశాడు. "ఒకటి ఇరవై రెండు."

"ఏడో జాయింటని మనం లెక్క తేల్చింది?"

"రెండూ అయిదుకి."

"మూత లేపింది?"

అతను ఫోను వైపే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు, "మూత లేపడానికి గంటంబావు ముందే లోపల పెన్సిలుందని ఆవిడకి తెలుసు."

"తెలుసు. తెనాలిలో పెట్టిన లేజరు ఒక కంపెనీది, ఎనభై కిలోమీటర్లకు సరిపడేది. రేవులో రిసీవరు ఇంకో కంపెనీది. రెండింటికీ జత కుదర్చడం స్వర్ణలత పని. వెలుగు ఎక్కువై రిసీవరు మూగబోయి ఉంటుంది. బిళ్ళలు రాలేదు, ఇనస్పెక్షన్ వచ్చేసింది. కంట్రోల్ రూము ర్యాకులో పెట్టే వీల్లేదు, ఇనస్పెక్టర్లు మొదట చూసేది అదే. రోడ్డు పక్క గుంటలో ఎవడు చూస్తాడు? గంట సేపటికని నేను నేర్పిన చిట్కా. దాన్ని అలాగే వదిలేసింది."

"ఎవరు బాబాయ్ ఆ అమ్మాయి?" అంది గంగరత్నం.

"నా కూతురనుకో."

ఆమె నా భుజం మీద చెయ్యి తీయలేదు. చాలా మామూలుగా అడిగింది, చేపల ధర అడిగినట్టు. "నాగులు రెండింటికి వెళ్ళాడు. లైను చచ్చిపోయిందని ఆ పిల్లకి ఎన్నింటికి తెలుసు?"

నేను వినోద్ కుమార్ వైపు చూశాను. "రేవులో రిసీవరు దాని టైమ్ అది రాసుకుంటుంది కదండి. చూశారా?"

"తెనాలి రిపోర్టు వచ్చింది, పన్నెండు నలభైకి తెగిందని. అది చాలనుకున్నాను." టాబ్లెట్ మీద వేలు కదిపాడు. పదకొండు రోజులుగా అతని చేతిలోనే ఉన్న లెక్క అది, ఒక్కసారీ తెరవలేదు. "పదకొండు నలభై ఎనిమిది. వెలుగు ఆగిన వెంటనే తెనాలి ప్యానెల్లో ఎర్ర లైటు వెలుగుతుంది."

బాబి తవ్వడం మొదలెట్టడానికి నలభై రెండు నిమిషాల ముందు. నాగులు పడవ తోయడానికి రెండు గంటల పన్నెండు నిమిషాల ముందు.

"ఒక్క ఫోను" అంది గంగరత్నం. "రేవులో ఎవరికైనా ఒక్క ఫోను చేసుంటే సరిపోయేది. బండి మీద ఒకణ్ణి పంపినా సరిపోయేది."

ఫోను చేస్తే లైను ఎందుకు ఆగిందని అడుగుతారు. గుంట తెరుస్తారు. ఆ మాట నేను పైకి అనలేదు. ఆమెకు అర్థమైంది.

వినోద్ కుమార్ షెడ్డుకు ఫోన్ చేశాడు. "బాబిని వదిలెయ్యండి. అవును, ఇప్పుడే. ముందు అతనికి అన్నం పెట్టించండి." తర్వాత నా పక్కన గట్టు మీద, బురదలోనే కూర్చున్నాడు. "నేను మీకు క్షమాపణ రాసివ్వాలి" అన్నాడు.

"తర్వాత చూద్దాం" అన్నాను.

ఎందుకంటే అప్పుడే నాకు పెన్సిలు ముక్క సరిగ్గా కనబడింది. టేపు ఊడదీసి అరచేతిలో పెట్టుకున్నాను. ఒక సగం ఎరుపు, ఒక సగం నీలం. రెండు రంగులూ కలిసే చోట మూడు గాట్లు. చెక్కిన మొన ఏ వైపూ లేదు. రెండు వైపులా రంపంతో కోసిన కోత.

"ఇది నడిమి ముక్క" అన్నాను.

"అయితే?"

"ఎర్ర కొస ఒకటి ఉండాలి. నీలం కొస ఒకటి ఉండాలి. సైరన్లెన్ని సార్?"

అతను వేళ్ళు ముడిచి లెక్కపెట్టాడు. మూడు. బాపట్ల, కర్లపాలెం, రేపల్లె. మూడింటికీ అదే లేజరు, అదే రిసీవరు.

"ఆ రెండూ ఆ రోజు మోగాయి కదా" అన్నాడు చివరికి.

"ఆ రోజుకి చెక్క నానలేదేమో. ఆ తర్వాత పదకొండు రోజులు వాన."

ఇవాళ పొద్దునే మళ్ళీ అల్పపీడనమని రేడియోలో చెప్పారు. సైరన్ మోగితే తిరిగొచ్చెయ్యండని చెప్పి బాపట్ల తీరంలో పడవలు వదిలారు. సైరన్‌ని నమ్ముకునే వదిలారు.

వినోద్ కుమార్ తెనాలికి ఫోన్ చేశాడు. స్వర్ణలత ఫోను స్విచాఫ్. కంట్రోల్ రూములో బిందు అనే ఆపరేటరు ఎత్తింది. "మేడం ఒకటిన్నరకే వెళ్ళిపోయారండి. ఎక్కడికో చెప్పలేదు. ప్యానెల్లో పక్క రెండు లైట్ల మీద స్టిక్కరు అంటించి ఉందండి, తీయొద్దన్నారు."

"తీసెయ్."

స్టిక్కరు ఊడదీసిన చప్పుడైంది. "సార్, రెండూ ఎరుపే ఉన్నాయండి."

"బాపట్ల టెస్ట్ బటన్ నొక్కు. నొక్కే ఉంచు."

"నొక్కానండి."

గంగరత్నం అప్పటికే తన ఫోను తీసింది. బాపట్ల తీరంలో వాళ్ళ పిన్ని కూతురు విజయ ఉంది, ఆమె మొగుడిదీ పడవే. స్పీకర్ పెట్టింది. అవతల గాలి హోరు.

"విజయా, మీ రేవులో సైరన్ వినబడతందా?"

"సైరనేంటక్కా? ఏం లేదు. మావాళ్ళు ఇప్పుడే దాటారు, పదిహేను పడవలు. ఇంకా కనబడతానే ఉన్నాయి."

"గాలెటు నుంచే?"

విజయ గాలి వైపు మొహం తిప్పి చూస్తున్నట్టుంది.

"తూర్పు నుంచక్కా. ఇప్పుడే తిరిగింది."